పైడి లేని లెక్క

పైడిని తీసేసినా జవాబు మారలేదు.

నూకరత్నం కుర్చీ ముందుకు లాక్కుని తెర వైపు మళ్ళీ చూసింది. విశాఖ జట్టు పేర్లలోంచి లలితను తీసేస్తే జట్టు తొమ్మిదో స్థానానికి జారిపోయింది. లలితను వెనక్కి పెట్టి, జట్టులో అందరికంటే పొడుగైన మోనిషాను తీసేస్తే ఎనిమిదికి పడింది. ఎప్పుడూ బెంచి మీద కూర్చునే పిల్లల్ని తీసినా ఏదో ఒక ఆటలో రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ అయ్యాయి. జట్టు కెప్టెన్ పైడిని, ఏ ఆటలోనైనా అందరికంటే ఎక్కువసార్లు బంతిని బుట్టలో వేసే పిల్లని తీసేస్తే మాత్రం ఏమీ కదల్లేదు. ఏడో స్థానం, మొదటి రౌండులో కొచ్చితో. తీయకముందూ అదే, తీశాకా అదే.

లేని మనిషిని తీసేసినప్పుడే లెక్క అలా కదలకుండా కూర్చుంటుంది. అంటే పైడి ఇక ఆటలో ఉండదని జోడీ ముందే అనుకుంటోంది.

జోడీ అన్నది ఆ యంత్రానికి జనం పెట్టుకున్న పేరు. మహిళల బాస్కెట్‌బాల్ లీగ్‌లో పది జట్లు. సీజన్ ముగిసేసరికి పైనున్న ఎనిమిది జట్లు ప్లేఆఫ్‌కి వెళ్తాయి. ఒకటో స్థానంలో ఉన్న జట్టు ఎనిమిదో జట్టుతో, రెండోది ఏడోదానితో, మూడు ఆరుతో, నాలుగు ఐదుతో మొదటి రౌండు ఆడతాయి. ఎవరికి ఎవరు తగులుతారన్నది ఒకప్పుడు ఆఖరి ఆట దాకా ఎవరికీ అంతుపట్టేది కాదు. రత్నం పనిచేసే ప్రయోగశాల దాన్ని ముందే చెప్పగలిగింది. పది ఊళ్ళలోని కోర్టుల్లోనూ చెక్క నేల కింద పలుచని పలకలు పరిచారు. ఎవరి అడుగు ఎంత బరువుగా పడుతోంది, ఏ కాలు ముందు అలిసిపోతోంది, గెంతి దిగినప్పుడు మడమ ఆనుతోందా, వేళ్ళు ఆనుతున్నాయా అన్నది ఆ నేల పట్టుకుంటుంది. ఆ అడుగుల్ని బట్టి, మిగిలిన ఆటలన్నీ ఎలా సాగుతాయో జోడీ కట్టి చూసుకుంటుంది. రెండేళ్ళపాటు అది చెప్పిన నాలుగు జోడీలూ పొల్లుపోకుండా నిజమయ్యాయి. దాని మాట మీద కోచ్‌లు పథకాలు మార్చుకుంటున్నారు. అభిమానులు రైలు టిక్కెట్లు కొనుక్కుంటున్నారు.

ఆ పలకల ఆలోచన రత్నానిదే. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి రత్నం. తల్లి నరసమ్మ అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలకు గోనెలు చుట్టే పనికి వెళ్ళేది, తండ్రి అక్కడే బళ్ళకెత్తేవాడు. ఆయన పోయాక ఇద్దరు పిల్లల్నీ ఆవిడే లాక్కొచ్చింది. పెద్దది లెక్కల వైపు వెళ్ళింది, చిన్నది బంతి వైపు. చిన్నదే పైడి.

విశాఖ ఆ రోజుకి నాలుగో స్థానంలో ఉంది. ఇంకా పైకి వెళ్తుందని ఊరంతా అనుకుంటోంది. ఏడుకి పడడమేమిటన్నది అర్థంకాకే రత్నం ఒక్కొక్క పేరూ తీసి చూసింది. ఇప్పుడు అర్థమైంది. గడిచిన రెండేళ్ళలో జోడీ లెక్కలోంచి ఇలా మాయమైన అమ్మాయిలు నలుగురు. నలుగురికీ కొద్ది రోజుల్లోనే మోకాలు పోయింది. ఇద్దరు మళ్ళీ కోర్టు ఎక్కలేదు.

జోడీలు ప్రకటించే రోజు దాకా ప్రయోగశాలలో తెలిసింది గడప దాటకూడదు. ఆ నిబంధన రాసినవాళ్ళలో రత్నం కూడా ఉంది. ఆమె తెర ఆర్పేసి, సంచీ భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది.

* * *

నరసమ్మ చేపల పులుసు వండింది. పైడి ప్రాక్టీసు నుంచి అప్పుడే వచ్చి, తలకి తువ్వాలు చుట్టుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని తింటోంది. కూర్చున్నప్పుడు చెయ్యి ఆన్చిందా? ఆన్చలేదు. మంచినీళ్ళకి లేచినప్పుడు ఏ కాలు ముందు ఎత్తింది? కుడిది. ఎప్పుడూ కుడిదే ఎత్తేదా? పాతికేళ్ళు ఒకే చాప మీద పడుకున్న చెల్లెలు ఏ కాలితో లేస్తుందో రత్నానికి గుర్తు రాలేదు.

“ఏటే అక్కా, వచ్చినకాడి నుంచి నా కాళ్ళకేసే చూస్తన్నావు? గోళ్ళరంగు నచ్చిందేటి?”

“మోకాలు ఎలాగుంది?”

“ఏ మోకాలు?”

“రెండూ.”

“రెండూ అక్కచెల్లెళ్ళలాగే ఉన్నాయి. ఒకదాని మాట ఒకటి వినవు గాని కలిసే తిరుగుతున్నాయి.”

“తిండికాడ మోకాళ్ళ గొడవేటే మీకు?” అంది నరసమ్మ. “బేగి తినండి, పులుసు సల్లారిపోతంది.”

తిన్నాక రత్నం చెల్లెల్ని డాబా మీదికి తీసుకెళ్ళింది. ఆరేసిన జెర్సీల మధ్య నిలబడి చెప్పింది. చెప్పకూడనిదంతా చెప్పింది.

పైడి ఒక జెర్సీ అంచు మెలిపెట్టింది. ఆటల పాఠశాలలో చేర్చింది అక్క. మొదటి కాంట్రాక్టు చదివి, ఎక్కడ సంతకం పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో చెప్పింది అక్క. అమ్మకి షుగరుందని డాక్టరు కంటే ముందు కనిపెట్టింది కూడా అక్కే. అక్క చెప్పింది తప్పిన సందర్భం పైడికి ఒక్కటీ తెలియదు.

“ఎప్పుడు?” అని అడిగింది.

“తెలీదే. ఈ వారం ఆడే ఆట నుంచే లెక్కలో లేవు నువ్వు.”

“నొప్పి లేదక్కా. అస్సలు లేదు.”

“వాళ్ళకీ లేదు. దిగినప్పుడు ఒక్కసారే పోయింది.”

“ఆడకపోతే?”

“ఆడకపోతే మోకాలు నిలుస్తది. వచ్చే ఏడాది ఆడతావు, ఆ పైయేడూ ఆడతావు. ఇప్పుడు ఆడితే…”

“చాల్లే,” అంది పైడి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంది. ఎన్నడూ పట్టుకోని పిల్ల.

* * *

పైడి మోకాలు నొప్పని కోచ్‌తో చెప్పి బెంచి మీద కూర్చుంది. స్కాన్ తీశారు. అందులో ఏమీ కనిపించలేదు. కోచ్ అంబిక మేడం ఆ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, పైడి ముఖం చూసి, ఫిల్ము కవర్లో పెట్టేసి వెళ్ళిపోయింది. విశాఖ ఆ వారం పుణె మీద ఓడింది. తర్వాత, అంతకుముందు ఎన్నడూ తమని గెలవని భువనేశ్వర్ మీద కూడా ఓడింది.

మధ్యలో జోడీల ప్రకటన జరిగింది. రెండో స్థానం కొచ్చి, ఏడో స్థానం విశాఖ అని తెర మీద వెలిగినప్పుడు మొదట ఊరంతా నవ్వింది. రెండు ఓటముల తర్వాత ఎవరూ నవ్వలేదు. ‘జోడీ చెప్పింది చెప్పినట్టే’ అని టీవీల్లో మళ్ళీ మొదలైంది. ప్రయోగశాల అధిపతి డాక్టర్ మందాకిని గారు అందరినీ పిలిచి స్వీట్లు పంచి, రత్నం భుజం తట్టారు. “నాలుగో స్థానంలో ఉన్న జట్టుని ఏడుకి దించి చెప్పామంటే మన ధైర్యం చూడండి. ఎవరమ్మా నమ్మారు?” రత్నం చేతిలో లడ్డు పట్టుకుని నిలబడింది. గర్వంగానే ఉంది. లడ్డు మాత్రం నోటిదాకా వెళ్ళలేదు.

ఇంట్లో పైడి మాట తగ్గించింది. నరసమ్మ కూరగాయలకి వెళ్ళి వచ్చి, సంచీ విసిరికొట్టినట్టు పెట్టింది.

“ఏటైందమ్మా?”

“ఆ వంకాయల సూరమ్మ లేదూ, ‘మీ పాప మోకాలు నా వంకాయకన్నా నున్నగుందంట గదా, టీవీలో సూపించినారు’ అంది. పదిమందీ ఇకిలించినారు.”

“నువ్వేమన్నావు?”

“అంత నున్నగుంటే నీ బుట్టలో ఎట్టుకుని అమ్ముకోయే అన్నాను. అని, వంకాయలు కొనకుండా వచ్చీసినాను.” నరసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “నాకు సెప్పండే. దానికి నొప్పి ఉందా, లేదా? ఉంటే డాక్టరు సూసేవాడు. లేకపోతే ఇది ఎందుకు కూకుంది? భయమేసిందంటన్నారు జనం. నా కడుపున పుట్టినదానికి భయమేటి?”

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. రత్నం ఆ క్షణాన ఒక నిర్ణయానికి వచ్చింది. మోకాలు పోతుందని చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఏ కాలు, ఎక్కడ బలహీనపడిందో అడుగుల్లో వెతికి మంచి ఎముకల డాక్టరుకి చూపించాలి. అప్పుడు అమ్మకీ చెప్పొచ్చు, కోచ్‌కీ చెప్పొచ్చు.

* * *

విశాఖ కోర్టు అడుగుల బాధ్యత కరీముల్లాది. గుంటూరు మనిషి. మర్యాదలో అవతలివాడికి ఊపిరాడనివ్వడు. ఐదేళ్ళుగా పక్క పక్క బల్లల దగ్గర పనిచేస్తున్నా ఇద్దరి మధ్యా ‘గారు’ జారిపోలేదు.

“కరీం గారూ, ఒకటి అడగాలి. మా చెల్లెలి అడుగులు ఒకసారి చూడాలండి.”

కరీముల్లా టీ గ్లాసు కింద పెట్టాడు. ముఖంలో కంగారు. “చూడొచ్చా అండీ మీరు?”

“చూడకూడదు. అయినా చూడాలి. జోడీకి వెళ్ళినవే చాలు.”

“జోడీకి వెళ్ళినవా? జోడీకి నేను ఇవ్వలేదు కదండీ.”

“ఏవి ఇవ్వలేదు?”

“పైడి గారివి. సీజన్ మొదలైనకాడి నుంచీ. మీరే కదా చెప్పారు.”

రత్నం మెల్లగా కూర్చుంది. అవును, తనే చెప్పింది. కిందటేడు చివర్లో టీవీ చర్చలో ఒకాయన, ‘యంత్రం కట్టినావిడ చెల్లెలే జట్టు కెప్టెన్, ఇక ఆ లెక్కని ఎలా నమ్మాలి?’ అన్నాడు. ఆ రాత్రి రత్నం నిద్రపోలేదు. మర్నాడు తనే వెళ్ళి, బయటి నిపుణులు వచ్చి లెక్క సవ్యంగా ఉందని తేల్చేదాకా తన చెల్లెలి అడుగులు జోడీకి అందకూడదని, ఆ చోట ఎవరో ఒక మామూలు అమ్మాయి ఆడుతున్నట్టు వేసుకోమని చెప్పింది. ఎవరూ అడగకుండానే వేసుకున్న కట్టుబాటు అది. నిపుణులు వచ్చారు, చూశారు, అంతా సవ్యంగా ఉందని చెప్పి వెళ్ళారు.

“నిపుణులు వచ్చి వెళ్ళారు కదండీ, వర్షాల్లోనే.”

“వెళ్ళారండి. ఆ అడుగుల తాళం తెరవమంటారేమోనని చూశాను. మీ ఇంటి విషయం, మీరు చెప్పకుండా నేనెట్టా ముట్టుకుంటానండీ?”

“నేను అడిగితే చెల్లెలి కోసం అడిగినట్టుంటుందని అడగలేదు. మీరే తెరిచి ఉంటారనుకున్నాను.”

“అదేందండీ…” అన్నాడు కరీముల్లా.

ఇద్దరూ మంచివాళ్ళే. ఒకరి మర్యాద ఒకరు కాపాడుకున్నారు. ఆ మర్యాదల మధ్య, లీగ్‌లోకెల్లా గొప్ప ఆటగత్తె ఒకతె యంత్రానికి కనిపించకుండా పోయింది. ఏడో స్థానం చెప్పింది మోకాలు కాదు. పైడి బదులు ఒక మామూలు అమ్మాయి ఆడితే విశాఖ ఎక్కడుంటుందో జోడీ కరెక్టుగా చెప్పింది, అంతే. రత్నం పేర్ల జాబితాలోంచి పైడిని తీసేసినా ఏమీ కదలకపోవడానికి కారణం, ఆ పేరు వెనక తీయడానికి ఎవరూ లేకపోవడమే.

“తెరవండి,” అంది రత్నం.

కరీముల్లా తాళం తీశాడు. సీజన్ మొదటినాటి నుంచి పైడి వేసిన అడుగులన్నీ జోడీలోకి వెళ్ళాయి. గెంతులు, మలుపులు, పడి లేవడాలు. కుడి ఎడమలు సమానంగా పడుతున్నాయి. దిగినప్పుడు బరువు రెండు కాళ్ళూ పంచుకుంటున్నాయి. గత వారం అడుగులు చూసి రత్నం కళ్ళు మూసుకుంది. బెంచి దగ్గర నుంచి నీళ్ళ కూజా దాకా నడిచిన అడుగులు మాత్రమే ఉన్నాయి. ముసలావిడ నడకలా ఉన్నాయి. ఎక్కడా కుంటు లేదు, భయమే ఉంది.

జోడీ కొత్త జవాబు చెప్పింది. పైడి ఆడుతూ ఉంటే విశాఖ మూడో స్థానంలో ఉండేది. పేరు తీసేస్తే ఏడు.

* * *

మందాకిని గారు అంతా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆఖర్న కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

“రేపు ఆఖరి ఆట. ఓడిపోతే ఏడో స్థానం. మనం చెప్పింది చెప్పినట్టే అవుతుంది. సీజన్ అయ్యాక సరిదిద్దుకుందాం రత్నం. ఇప్పుడు బయటపెడితే ఎవరికమ్మా లాభం?”

“అది నిజమవుతున్నది నావల్ల మేడం. నేను వెళ్ళి చెల్లెల్ని కూర్చోబెట్టాను కాబట్టి అవుతోంది.”

“చెప్పకూడదన్న నిబంధన తప్పావు. అది నీకూ నాకూ మధ్య ఉండిపోతుంది. కానీ ఒకటి ఆలోచించు. ఈ పలకలు ఆటకోసమని నేను ఇంత వయసొచ్చాక నీతో కూర్చోలేదు. ఆస్పత్రుల్లో పరుద్దామనుకున్నాం. పెద్దవాళ్ళు పడిపోకముందే చెప్పే నేల. మా అమ్మ స్నానాలగదిలో పడి, మళ్ళీ లేవలేదు, నీకు తెలుసు. జోడీ పేరు పోతే ఆ నేల ఎవరు కొంటారు? ఎవరు నమ్ముతారు?”

రత్నానికి ఆ మాట తగిలింది. అది వట్టి బెదిరింపు కాదు. నిజంగా నష్టమే. ఆమె నిదానంగా చెప్పింది.

“ఆ నేల మీద ఓ ముసలావిడ నడుస్తుంది మేడం. ‘నువ్వు పడతావు’ అని మనం చెప్తాం. ఆవిడ మంచం దిగదు. పడలేదు కదా, మన మాటే కాపాడిందనుకుంటాం. మా చెల్లెలికి నేను చేసింది అదే. ఇది ఇప్పుడు దాచేస్తే రేపు ఆస్పత్రిలో ఎంతమందికి చేస్తామో మనకే తెలీదు.”

మందాకిని గారు కిటికీవైపు తిరిగారు. ఓడరేవు క్రేను ఒకటి పెట్టెని ఎత్తి గాల్లో ఆపి ఉంచింది.

“నీ కార్డు ఇక్కడ పెట్టి వెళ్ళు,” అన్నారు చివరికి. “ప్రయోగశాల మనిషిగా మాట్లాడ్డానికి నేను ఒప్పుకోను. నీ అంతట నువ్వు మాట్లాడితే ఆపలేను.”

రత్నం మెడలోంచి కార్డు తీసి కళ్ళజోడు పక్కన పెట్టింది.

* * *

మర్నాడు ఉదయం ప్రాక్టీసు కోర్టులో పైడి ఒక్కతే బెంచి మీద ఉంది. రత్నం చెప్పడం పూర్తయ్యేదాకా బంతిని ఒళ్ళో పెట్టుకుని వింది. అయ్యాక బంతిని నెమ్మదిగా పక్కన పెట్టింది.

“అంటే నాకేం లేదు.”

“లేదే.”

“ముందునుంచీ లేదు.”

“లేదు.”

“నా మోకాలు చెప్తూనే ఉందే అక్కా. బాగున్నానని రోజూ చెప్తూనే ఉంది. దాని మాట పక్కనపెట్టి నీ మాట విన్నాను.” పైడి గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననిపించింది రత్నానికి. “పొద్దున్నే మంచం దిగడానికి భయపడ్డాను. మెట్లు గోడ పట్టుకుని దిగాను. నొప్పని అబద్ధమాడాను. ఆ లలిత, ఆరేళ్ళ నుంచి నాతో ఆడుతోంది, మొన్న బంతి నా చేతికివ్వకుండా నేలమీద దొర్లించింది. కుక్కకి దొర్లించినట్టు. నేను తీసుకున్నాను. ఎందుకంటే మా అక్క తప్పు చెప్పదు.”

“తప్పు చెప్పాను.”

పైడి లేచి బుట్ట కిందికి వెళ్ళింది. గెంతడానికి మోకాళ్ళు వంచింది. వంచి, ఆగింది. మళ్ళీ వంచింది. కాళ్ళు నేలని వదల్లేదు. మూడోసారి కొద్దిగా ఎగిరి, దిగేటప్పుడు రెండు చేతులూ చాపి, తడి మెట్టు మీద కాలేసినట్టు దిగింది. వెనక్కి తిరిగి అక్క ముఖంలోకి చూసింది.

“చూశావా? నువ్వన్న మాట బుర్రలోంచి పోయింది. కాళ్ళలోంచి పోలేదు.”

“అయితే ఈరోజు ఆడొద్దు పైడీ. ఇంకా—”

“నోర్ముయ్! ఆడాలో వద్దో ఇంక నువ్వు చెప్పకు.” ఇప్పుడు గొంతు పెరిగింది. “నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. టీవీవాళ్ళకి తర్వాత చెప్పుదువుగాని. ముందు లలితకి చెప్పు. నా ముందే చెప్పు.”

డ్రెస్సింగు గదిలో పన్నెండు మంది అమ్మాయిల ముందు రత్నం నిలబడి చెప్పింది. పాఠం చెప్పినట్టు కాకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. అంబిక మేడం గోడకి ఆనుకుని వింది. లలిత బూటు తాడు కట్టుకుంటూ తలెత్తింది.

“అంటే మేడంగారూ, రెండేళ్ళుగా ఊరందరి భవిష్యత్తూ చెప్పిన మిషను మా కెప్టెన్ని చూళ్ళేదా?”

“చూడనివ్వలేదు.”

“దానికో కళ్ళజోడు కొనండి,” అంది లలిత. ఎవరో కిసుక్కుమన్నారు. లలిత లేచి పైడి దగ్గరికి వెళ్ళి, బంతిని రెండు చేతులతో ఆమె ఛాతీకి నొక్కింది, గట్టిగా, కాస్త నొప్పి పుట్టేలా. “నువ్వు కూడా! అక్క చెప్పిందని కూర్చుంటావా? నాకో మాట చెప్తే ఆ మోకాలు నేనే తన్ని చూసేదాన్ని కదే!”

ఆటకి ముందు రత్నం వ్యాఖ్యాతల బల్ల దగ్గర అదే మాట మళ్ళీ చెప్పింది. విశాఖ గురించి జోడీ చెప్పింది తప్పని, ఆ తప్పు యంత్రానిది కాదని, తనదని, పైడి మోకాలికి ఏ రోగమూ లేదని. స్టేడియంలో ఒక్కసారి గోల లేచింది. కొందరు తిట్టారు. పై వరసలో ఎవరో ‘మా కొచ్చి టిక్కెట్ల డబ్బులు ఎవడిస్తాడు?’ అని అరిచారు. రత్నం వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

“నువ్వు సేసినావా ఇదంతా?” అంది నరసమ్మ.

“నేనే అమ్మా.”

నరసమ్మ ఆమె వైపు చూడలేదు. “నీళ్ళు తాగు,” అని సీసా ఇచ్చింది.

* * *

చెన్నై మీద ఆట. పైడి మొదటి సగమంతా బాగా ఆడలేదు. రత్నానికి ఆ అడుగులు చూడ్డానికి ఇప్పుడు పలకలు అక్కర్లేదు. బుట్ట కింద గెంతాల్సిన చోట గెంతకుండా బంతి వేరేవాళ్ళకి ఇచ్చేస్తోంది. దిగేముందు నేల వైపు చూస్తోంది. జనం మొదట అరిచారు, తర్వాత విసుక్కున్నారు, తర్వాత ఊరుకున్నారు. విశాఖ వెనకబడింది.

రెండో సగంలో భయం పోయిందని చెప్తే అది అబద్ధం. పోలేదు. పైడి భయంతోనే ఆడింది. గెంతలేనన్న సంగతి ఒప్పుకుని, గెంతనక్కర్లేని ఆట వెతుక్కుంది. ఇద్దరు చెన్నై అమ్మాయిల్ని తన వైపు లాక్కుని, వాళ్ళ భుజాల మీంచి బంతిని మోనిషాకి అందించింది. లలితని ఖాళీలోకి తోలి, తను అడ్డు నిలబడి, దెబ్బలు కాచుకుంది. పైడి అలా ఆడగలదని ఎవరికీ తెలీదు. జోడీకీ తెలీదు, అలాంటి అడుగులు ఆమె ఎన్నడూ వేసి ఉండలేదు. ఆట చివర్లో బంతి బుట్ట అంచుకి తగిలి పైకి లేచినప్పుడు, అందుకోడానికి తమవాళ్ళెవరూ దగ్గర్లో లేక, పైడి ఎగిరింది. ఎగిరి పట్టుకుంది. దిగేటప్పుడు ముఖం చిట్లించింది, ఏమీ కాకముందే. ఏమీ కాలేదు. ఆమె బంతిని లలితకి విసిరి, నడుం మీద చేతులేసుకుని అక్కడే నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

విశాఖ గెలిచింది.

పెద్ద తెర మీద జోడీ ప్రకటించిన నాలుగు జతలూ ఇంకా వెలుగుతున్నాయి. ఎవరో రెండో వరస ఆర్పేశారు. కొచ్చికి ఎదురుగా విశాఖ పేరు పోయింది, దాని చోట ఏమీ రాలేదు. విశాఖ ఏడు నుంచి పైకి వెళ్ళింది, అది ఖాయం. ఎంత పైకన్నది మదురైలో జరుగుతున్న ఆట తేల్చాలి. మదురై గెలిస్తే విశాఖది ఆరో స్థానం, హైదరాబాద్‌తో తలపడాలి. మదురై ఓడితే ఐదో స్థానం, బెంగళూరుతో. అక్కడ స్కోరు సమానమై, ఆట అదనపు సమయంలోకి వెళ్ళిందని చెప్పారు.

జనం ఇళ్ళకి వెళ్ళలేదు. మెట్లమీద నిలబడ్డవాళ్ళు వెనక్కొచ్చి కూర్చున్నారు. పల్లీలవాడికి మళ్ళీ గిరాకీ తగిలింది. తిట్టినవాడూ, టిక్కెట్ల గోల పెట్టినవాడూ ఒకే ఫోను మీద తలలు వాల్చి ఎక్కడిదో ఆట చూస్తున్నారు. ఎవరితో ఆడబోతున్నారో తెలియకుండా ఇంతమంది ఒకచోట కూర్చుని రెండేళ్ళయింది.

పైడి రెండు మోకాళ్ళకీ ఐసు సంచులు కట్టుకుని వచ్చింది. అక్క పక్కన కూర్చోలేదు. తల్లికి అటువైపు కూర్చుంది. నరసమ్మ మధ్యలో గోడలా ఉండి, ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసింది.

“నీ ఉద్యోగం పోయిందంట కదా,” అంది పైడి, ముందుకి చూస్తూ.

“కార్డు ఇచ్చేశాను. మందాకిని గారు ఇందాక ఫోన్ చేశారు. ఆస్పత్రి నేల గురించి నేను అన్నది రాసిమ్మన్నారు. తీసుకుంటారో లేదో.”

“ఇంకోసారి నా కాళ్ళ గురించి నాకు చెప్పావంటే…”

“చెప్పను.”

“అడిగినా చెప్పకు.”

“అడిగినా చెప్పను.”

“మాట్లాడకండే, ఆట సూడనివ్వండి,” అంది నరసమ్మ, ఆమె చూస్తున్న తెర మీద ఏ ఆటా లేకపోయినా.

మదురైలో ఇంకో అదనపు సమయం మొదలైందని మైకులో చెప్పారు. స్టేడియం అంతా ‘ఓ’ అంది. పైడి తల్లి ఒళ్ళో ఉన్న పల్లీల పొట్లం లాక్కుని, కొన్ని నోట్లో వేసుకుని, పొట్లాన్ని అక్క వైపు చాపింది. ముఖం మాత్రం తిప్పలేదు.

“ఏటే, ఎవరొస్తారు మనకి? హైదరాబాదా, బెంగళూరా?”

రత్నం పల్లీలు తీసుకుంది. ఒక్కో ఊరి కోర్టు మీద ఎవరెవరు ఎలా దిగుతారో, ఎవరికి ఎడమ కాలు అలిసిపోయిందో, అన్నీ ఆమె తలలో ఉన్నాయి. కూర్చుని కడితే ఒక జవాబు వస్తుంది.

“నాకు తెలీదు,” అంది, గట్టిగా, ముందు వరసవాళ్ళు కూడా తిరిగి చూసేలా.